గుంటూరు నుంచి గుణదలకు: బెర్నదెత్తమ్మ తోడుగా మూడు రోజుల నడక

బయలుదేరే ముందు

గుంటూరు ఊళ్లో నుంచి గుణదల కొండ దాకా నడక దారి సుమారు 40 కిలోమీటర్లు. బస్సెక్కేవాళ్లు పొద్దున కాఫీ తాగి బయలుదేరి టిఫిన్ వేళకు దిగుతారు. నడిచేవాళ్లకు దారికి రెండు రోజులు, కొండకు ఒక రోజు. గుణదల మేరీమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. 9న చీకటితో గుంటూరులో అడుగు తీస్తే 10 మధ్యాహ్నానికి కొండ కిందికి చేరతారు, 11న పండుగ పూజ వేళకు ఒళ్లు కుదురుగా ఉంటుంది. ఒక్క రోజులో లాగేసే కుర్రాళ్లున్నారు. అలా చేరినవాళ్లలో చాలామంది మర్నాడు పిక్కలు పట్టేసి మెట్ల కిందే కూలబడతారు. పెద్దవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కలిసిన గుంపుకు రెండు రోజుల లెక్కే సరి.

11వ తేదీయే ఎందుకన్నది నడిచే ప్రతివాళ్లకూ తెలిసుండాలి. 1858 ఫిబ్రవరి 11, గురువారం. ఫ్రాన్సులో పిరనీస్ కొండల కింద లూర్దు అనే చిన్న ఊరు. బెర్నదెత్ సుబీరూ అనే పద్నాలుగేళ్ల పిల్ల పుల్లలు ఏరుకోవడానికి వెళ్లి, మస్సబియేల్ గుహలో తెల్లబట్టలు కట్టిన ఒక యువతిని చూసింది. ఇటలీ నుంచి వచ్చిన పీమె అనే మిషనరీ సభ గురువు ఆర్లాతి 1924లో గుణదల కొండ గుహలో నిలిపింది ఆ లూర్దుమాత స్వరూపాన్నే. అమ్మ దర్శనానికి అందరం వెళతాం. ఆ అమ్మను చూసి చెప్పిన పిల్ల తర్వాత ఏమైంది, ఏ మఠంలో చేరింది, ఎలా కన్నుమూసింది అంటే చెప్పగలిగినవాళ్లు మన విచారణల్లో (ఒక్కో గుడి కిందికి వచ్చే ఊళ్లలో) తక్కువ. అందుకని ఈ నడకలో జపమాలకూ జపమాలకూ మధ్య ఆమె కథ చెప్పుకోవాలి. మొదటి రోజు పేదరికం, రెండో రోజు దర్శనాలు, మూడో రోజు మఠం.

నలభై మంది గుంపు అనుకుందాం. రాత్రి బస మంగళగిరిలో. అక్కడి విచారణ గురువుల్ని రెండు వారాల ముందే కలిసి, ఎంతమంది వస్తారు, అందులో ఆడవాళ్లెంతమంది, ఏ వేళకు చేరతారు, ఏ వేళకు ఖాళీ చేస్తారు అన్నది కాగితం మీద రాసివ్వాలి. పండుగ రోజుల్లో ఆ దారిన ఇంకా గుంపులు నడుస్తాయి. నోటిమాట నమ్ముకుని పోతే చేరేసరికి హాలు నిండి ఉంటుంది. మరుగుదొడ్లు ఎన్నున్నాయో కూడా ఆ రోజే చూసి రావాలి. ఇరవై మందికి ఒకటైనా లేదంటే, నాలుగింటికి లేవాల్సిన గుంపు మూడింటికే లేవాల్సి వస్తుంది.

వెనకాల ఒక ట్రాలీ ఆటో ఉండాలి. దుప్పట్లు, చాపలు, 20 లీటర్ల నీళ్ల టిన్నులు అందులో. నడక రోజున మనిషికి మూడు లీటర్లకు తక్కువ సరిపోవు. నలభై మందికి 120 లీటర్లు, అంటే ఆరు టిన్నులు. వంట నీళ్లు వేరే. దాహం వేశాక తాగుదామంటే ఆలస్యమైనట్టే, అరగంటకోసారి ఒక గ్లాసు తాగుతూ పోవాలి. ఓఆర్ఎస్ పొట్లాలు లేకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో టీ చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. రుచి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఉంటే పారబోసి మళ్లీ కలపడమే. ఉప్పు ఎక్కువైన నీళ్లు ఒంట్లో ఉన్న తడిని కూడా లాగేస్తాయి.

చెప్పుల దగ్గర చాలామంది పొరపాటు పడతారు. పండుగకని కొత్తవి కొనుక్కుని వస్తారు, పెదకాకాని దాటకముందే మడమ మీద తోలు లేస్తుంది. నెల రోజులైనా తొడిగి అరిగినవే వేసుకోవాలి. వట్టి కాళ్ల మొక్కు ఉన్నవాళ్లు ఆ మొక్కును కొండ మెట్లకు దాచుకోవడం మేలు. హైవే పక్కన పగిలిన సీసా పెంకులుంటాయి, పదకొండు దాటితే తారు సెగ కొడుతుంది. అరికాలు కోసుకున్న మనిషి రెండో రోజు ఆటోలో కూర్చుని రావాల్సిందే. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్‌ను సంచి అడుగున పెట్టకుండా చొక్కా జేబులోనో కొంగు ముడిలోనో ఉంచుకోవాలి. లారీల దుమ్ము ఒకటి, గుహ దగ్గర కొవ్వొత్తుల పొగ ఇంకొకటి. బెర్నదెత్తమ్మది కూడా ఉబ్బసం ఒళ్లే. 1855లో లూర్దులో కలరా వచ్చినప్పుడు ఆ జబ్బు పడి బతికింది గానీ, ఆయాసం మాత్రం చనిపోయేదాకా వదల్లేదు.

మొదటి రోజు, ఫిబ్రవరి 9: గుంటూరు – పెదకాకాని – కాజ – మంగళగిరి

నాలుగున్నరకల్లా రోడ్డు మీద ఉండాలి. ఫిబ్రవరిలో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే, రెండు గంటలు చీకటి నడకే. ముందు ఒక టార్చి, వెనక ఒక టార్చి, చివరి వరుసలో ఉన్నవాళ్ల వీపు మీద మెరిసే పట్టీలు. సర్వీసు రోడ్డు ఉన్నంత మేరా దాని మీదే పోవాలి. లేనిచోట కుడి అంచున, ఎదురొచ్చే బళ్లు కనిపించేలా నడవాలి. ఇద్దరిద్దరుగా వరుస కట్టాలి, ముగ్గురు కలిస్తే మూడో మనిషి తారు మీదికి వస్తాడు.

జపమాల నడిపించేవాళ్లను ముందు పెట్టకూడదు. ముందు నుంచి చెబితే లారీల హోరులో వెనకవాళ్లకు వినపడదు, వాళ్ల జపం వెనకబడుతుంది, ఆ తర్వాత కాళ్లూ వెనకబడతాయి. గంటలో గుంపు రెండు ముక్కలవుతుంది. గొంతున్న మనిషి నడుమ నడవాలి. సగం మంది "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అంటే మిగతా సగం అందుకోవాలి. యాభై మూడు మంగళవార్త జపాలు, ఆరు పరలోక జపాలు ఉన్న ఒక జపమాల కూర్చుని చెబితే ఇరవై నిమిషాలు, నడుస్తూ చెబితే ఇరవై ఐదు. ఈ గుంపు నడక గంటకు మూడున్నర కిలోమీటర్లు, కాబట్టి ఒక జపమాలకు కిలోమీటరున్నర దారి తరుగుతుంది. దూరం ఎంత మిగిలిందని అడిగే పిల్లలకు కిలోమీటర్లు చెప్పేకంటే ఎన్ని జపమాలలో చెబితే ఓపిక వస్తుంది. వరసగా రెండు చెప్పాక మూడోది మొదలుపెట్టకూడదు. ఆయాసపడే గొంతుతో చెప్పే జపం పెదాల మీదే ఉండిపోతుంది. ఒక పదిహేను నిమిషాలు మౌనంగా నడవాలి.

పెదకాకాని ఏడు ఏడున్నర మధ్య వస్తుంది. టిఫిన్ అక్కడే. ఇడ్లీ మంచిది, పూరీ వద్దు. మధ్యాహ్నానికి వెంట తెచ్చుకునేది చింతపండు పులిహోర. పెరుగన్నం పదింటికే పులుస్తుంది, పప్పన్నం ఎండకు చెడుతుంది. పులుపూ నూనే పట్టిన పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. నలభై మందికి ఐదు కిలోల బియ్యం, ముప్పావు కిలో చింతపండు. అన్నాన్ని పళ్లెంలో పరిచి పూర్తిగా ఆరాకే గిన్నెకెత్తాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై కింద పొర పాడవుతుంది.

నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం దాటి, కాజ చేరేసరికి పదిన్నర పదకొండు. ఇక అక్కడే ఆగాలి. మూడున్నర దాకా కదలొద్దు. మొదటి రోజు ఉత్సాహంలో ఇంకో ఆరు కిలోమీటర్లే కదా అని మిట్టమధ్యాహ్నం నడిపించే గుంపు పెద్దలు ఉంటారు. వడదెబ్బ తగలడానికి మే నెలే రానక్కర్లేదు, తెల్లవారుజాము నుంచి నడిచిన ఒంటికి ఫిబ్రవరి ఎండ చాలు.

ఈ నాలుగు గంటల నీడలో కథ మొదటి ముక్క చెప్పాలి. మాటలతో మొదలుపెట్టే ముందు, నేల మీద సుద్దముక్కతో ఒక గది గీయండి. పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగున్నర అడుగుల పొడవు. లూర్దులో సుబీరూ కుటుంబం 1857 నుంచి ఉన్న కషో అసలు కొలత 3.72 మీటర్లకు 4.40 మీటర్లు. కషో అంటే చెరసాల కొట్టు. ఖైదీలకు కూడా పనికిరాదని వదిలేసిన గది అది. గుంపులోంచి ఆరుగురిని లేపి ఆ గీతల మధ్య కూర్చోబెట్టండి. తల్లి, తండ్రి, నలుగురు పిల్లలు. ఇప్పుడు ఒక పొయ్యి పెట్టండి, రెండు మంచాలు వేయండి. మోకాళ్లు మోకాళ్లకు తగులుతాయి. కిటికీ బయట పెరట్లో పేడకుప్ప. ఉబ్బసం ఉన్న పిల్ల ఈ గదిలో రాత్రిళ్లు ఊపిరి ఎలా తీసుకుందో గీతల మధ్య కూర్చున్న ఆరుగురికీ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

వాళ్లు పుట్టు పేదలు కారు. బెర్నదెత్ పుట్టింది 1844 జనవరి 7న, బోలీ మిల్లులో. తండ్రి ఫ్రాన్సువా పిండిమర నడిపేవాడు. మరరాతికి గంట్లు కొడుతుంటే రాతిముక్క ఎగిరి ఎడమకన్ను పోయింది. అప్పులు ఇవ్వడమే తప్ప వసూలు చేయడం చేతకాని మనిషి. మిల్లు చేజారింది, ఇల్లు మారింది, మళ్లీ మారింది, చివరికి కషో. 1857లో ఒక రొట్టెల దుకాణంలో పిండి బస్తాలు పోతే, ఈయనే తీసుంటాడని పట్టుకుని ఎనిమిది రోజులు లోపల వేశారు. రుజువు లేదు, పేదవాడు కావడమే అనుమానానికి కారణం. బెర్నదెత్‌ను ఒక నోటి తిండి తగ్గుతుందని బార్త్రెస్ అనే పక్క ఊళ్లో గొర్రెలు కాయడానికి పంపారు. 1858 జనవరిలో ఆమె తనంతట తానే ఇంటికి వచ్చేసింది. పద్నాలుగేళ్లు వచ్చినా ఇంకా దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) అందుకోలేదు, జ్ఞానోపదేశం (మత పాఠాలు) నేర్చుకోవాలి, అందుకు. చదవడం రాదు, రాయడం రాదు, ఫ్రెంచి కూడా రాదు. తెలిసింది తమ కొండ ప్రాంతపు యాస ఒక్కటే.

కాజ నుంచి మంగళగిరి ఐదారు కిలోమీటర్లు. దూరం నుంచే నరసింహస్వామి గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులతో కనిపిస్తుంది. గుంపు అలసిపోయినప్పుడు కంటికి ఒక గురి ఉండడం పెద్ద సాయం. బసకు చేరగానే ఎవరినీ పడుకోనివ్వకండి. ముందు కాళ్లు. గోరువెచ్చని నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచి, వేళ్ల సందులు తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తడి, రాపిడి కలిస్తేనే బొబ్బ లేస్తుంది. బొబ్బను సూదితో పొడవకండి. పైతోలే దానికి కట్టు. తనంతట పగిలితే శుభ్రమైన నీళ్లతో కడిగి, మందు రాసి, గాజుగుడ్డ వేసి టేపు అంటించాలి. పొద్దున బయలుదేరే ముందు వేళ్ల మధ్య కొబ్బరినూనె గానీ వ్యాజలిన్ గానీ పలచగా రాసుకుంటే ఒరుసుకోదు. షుగరు ఉన్నవాళ్ల అరికాళ్లు వేరేవాళ్లు టార్చి వేసి చూడాలి, వాళ్లకు దెబ్బ తగిలినా నొప్పి తెలియకపోవచ్చు.

రెండో రోజు, ఫిబ్రవరి 10: మంగళగిరి – ఉండవల్లి – బ్యారేజి – గుణదల

ఇవాళ దారి తక్కువ, సుమారు 18 కిలోమీటర్లు. జనం ఎక్కువ. ఐదింటికి బయలుదేరితే చాలు. మంగళగిరిలో పానకం దొరుకుతుంది కదా అని కొందరు ఖాళీ కడుపున తాగుతారు. బెల్లం, మిరియం, యాలకులు కలిసిన పానకం నడిచే మనిషికి నిజంగానే సత్తువ. అయితే ఇడ్లీ తిన్నాక తాగాలి, ముందు తాగితే గంటలో కడుపు మండుతుంది.

తాడేపల్లి దగ్గర హైవే నేరుగా కనకదుర్గ వారధి వైపు పోతుంది. వారధి మీద లారీలు, బస్సులు, కంటెయినర్లు. నడిచే గుంపు అటు పోకుండా ఎడమకు తిరిగి ఉండవల్లి సెంటరు, సీతానగరం మీదుగా ప్రకాశం బ్యారేజి ఎక్కాలి. బ్యారేజి మీద భారీ వాహనాలు ఉండవు. 1957లో కట్టిన ఈ బ్యారేజి పొడవు 1223.5 మీటర్లు, దాటడానికి ఇరవై పైచిలుకు నిమిషాలు, ఇంచుమించు ఒక జపమాల. పిల్లలు గేట్ల దగ్గర వంగి చూడకుండా గోడవైపు పెద్దవాళ్లు నడవాలి. బ్యారేజి దాటాక రెండు నిమిషాలు ఆగి కాలువల వైపు చూడండి. కృష్ణ నీళ్లు ఇక్కడే చీలి ఊళ్లోకి వెళతాయి. అందులో ఏలూరు కాలువ గుణదల వైపే పోతుంది.

నీళ్ల పక్కన నిలబడి రెండో ముక్క మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆ కథ కూడా కాలువ ఒడ్డునే మొదలైంది. ఆ గురువారం బెర్నదెత్‌తో చెల్లెలు త్వానెత్, స్నేహితురాలు జాన్ అబాదీ ఉన్నారు. పుల్లలు, ఎముకలు ఏరి అమ్ముకోవడానికి వచ్చారు. గుహ ముందు మర కాలువ అడ్డం. వాళ్లిద్దరూ చన్నీళ్లలో దిగి అవతలికి పోయారు. ఉబ్బసం పిల్ల కదా, బెర్నదెత్ వెనకాడి, చివరికి మేజోళ్లు విప్పడానికి వంగింది. గాలి ఈదురుగా కొట్టిన చప్పుడు. తలెత్తి చూస్తే చెట్లు కదలడం లేదు. గుహ గూట్లో తెల్లని వస్త్రం, నీలి నడికట్టు, రెండు పాదాల మీద పసుప్పచ్చ గులాబీలు, చేతిలో జపమాల. బెర్నదెత్ కూడా జపమాల తీసి సిలువ గుర్తు వేసుకోబోతే చెయ్యి లేవలేదు. ఆ యువతి వేసుకున్నాకే ఈమె చెయ్యి లేచింది.

అలా జూలై 16 లోపు పద్దెనిమిది సార్లు. మూడోసారి, ఫిబ్రవరి 18న, ఆ యువతి మొదటిసారి నోరు విప్పింది. పదిహేను రోజులు ఇక్కడికి వచ్చే దయ చేస్తారా అని అడిగింది. ఈ మాట తెలుగులో చెప్పేటప్పుడు చాలామంది "వస్తావా" అంటారు. అది తప్పు. ఆమె వాడింది గౌరవ వాచకం, మన "మీరు". చెరసాల గదిలో ఉండే, తండ్రి జైలుకెళ్లొచ్చిన, గొర్రెలు కాసిన పిల్లను ఊళ్లో "మీరు" అనేవాళ్లు ఎవరూ లేరు. బెర్నదెత్ తర్వాత ఈ సంగతిని ప్రత్యేకంగా చెప్పుకుంది. అదే రోజు విన్న మరో మాట ఈ లోకంలో సుఖపెడతానని మాట ఇవ్వను, పరలోకంలో ఇస్తాను అని. మూడో రోజు కథకు తాళంచెవి ఈ మాటే, గుర్తుంచుకోమని పిల్లలకు చెప్పండి.

బ్యారేజి నుంచి కొండ దాకా ఆరేడు కిలోమీటర్లు. లెనిన్ సెంటరు, చుట్టుగుంట, మాచవరం డౌను, పడవలరేవు, ఇలా ఏలూరు రోడ్డు పట్టుకుని పోవడమే. ఉత్సవాల రోజుల్లో ఈ రోడ్డు మీద బళ్లను మళ్లిస్తారు, కాబట్టి ట్రాలీ ఆటో మన వెంట రాదు. రాత్రికి కావాల్సినవి బ్యారేజి దగ్గరే దింపుకుని తలా కొంచెం పట్టుకోవాలి. ఈ ఒక్కటి మరిచిపోయిన గుంపులు రాత్రి దుప్పట్లు లేకుండా పందిట్లో వణుకుతాయి. పిల్లల జేబులో ఇంటిపేరు, ఊరు, ఫోను నంబరు రాసిన చీటీ. ఫోనులో ఉందిలే అనుకోకండి. జనంలో సిగ్నలు దొరకదు, సాయంత్రానికి చార్జింగు ఉండదు. తప్పిపోతే కలవాల్సిన చోటు పగలే అందరికీ చూపించాలి. గేటు దగ్గర అంటే చాలదు, ఫలానా స్తంభం కింద అనాలి.

కొండ కింద చేరి స్నానం, భోజనం అయ్యాక మిగతాది చెప్పుకోవచ్చు. ఫిబ్రవరి 25న తొమ్మిదో దర్శనంలో, ఊటకు పోయి తాగండి, కడుక్కోండి అని మాట వచ్చింది. అక్కడ ఊట లేదు. బెర్నదెత్ నది వైపు నడిచింది. కాదు, గుహలోకే అని సైగ. చేత్తో నేల గీరితే బురద. మూడుసార్లు పారబోసి నాలుగోసారి మింగింది, ముఖానికి రాసుకుంది, గడ్డి ఆకు నమిలింది. చూస్తున్న జనం పిచ్చి పట్టిందన్నారు. గంటల్లో ఆ బురద తేటనీరైంది, నేటికీ పారుతోంది. అదే ఏడు తులూజ్ నగరపు ప్రొఫెసరు ఫిలోల్ ఆ నీళ్లను పరీక్షించి, మామూలు మంచినీళ్లే, ఇందులో ఏ ప్రత్యేకమైన ఖనిజమూ లేదని తేల్చాడు. శ్రీసభ (కతోలిక సంఘం) కూడా నీళ్లలో మందు ఉందని ఎన్నడూ అనలేదు. 1883 నుంచి లూర్దులో వైద్యుల కార్యాలయం ఉంది, స్వస్థత పొందామన్న ప్రతివాళ్ల కాగితాలూ ఏళ్ల తరబడి పరిశీలిస్తుంది. వేలల్లో వచ్చిన వాటిలో అద్భుతాలని శ్రీసభ ఒప్పుకున్నవి 70కి కాస్త పైన. గుణదలకు మొక్కుకుని బీపీ మాత్రలు, షుగరు సూదులు ఆపేసేవాళ్లకు ఈ సంగతి గట్టిగా చెప్పాలి. వైద్యులు ఇచ్చిన మందు బెర్నదెత్ వాడింది. మఠంలో రోగులకు తన చేత్తో మందు పోసింది.

మార్చి 25, మంగళవార్త పండుగ. పేరు చెప్పమని నాలుగుసార్లు అడిగితే ఆ యువతి చేతులు జోడించి, ఈ పిల్ల యాసలోనే, "క్వె సోయ్ ఎరా ఇమ్మాకులాదా కున్సెప్సియూ" అంది. అమలోద్భవిని నేనే అని, అంటే జన్మపాపం సోకకుండా తల్లి కడుపున పడినదాన్ని అని. బెర్నదెత్‌కు అర్థం తెలియదు. మరిచిపోతానేమోనని దారి పొడుగునా ఆ మాటే వల్లించుకుంటూ విచారణ గురువు పేరమాల్ దగ్గరికి పరుగెత్తింది. పోపుగారు తొమ్మిదవ పయస్ ఈ విశ్వాస సత్యాన్ని ప్రకటించి అప్పటికి నాలుగేళ్లు కూడా కాలేదు, 1854 డిసెంబరు 8న. అక్షరం రాని పిల్ల నోట ఆ మాట విని, అప్పటిదాకా కసిరిన గురువు నిలువునా నిలిచిపోయాడు.

మూడో రోజు, ఫిబ్రవరి 11: కొండ

నాలుగింటికి లేచి మెట్లు మొదలుపెట్టాలి. ఎండ రాకముందే ఎక్కి దిగాలి. పీఠాధిపతి (బిషప్) నడిపే పెద్ద పూజకు ముందు ఒక చోటు చూసుకుని కూర్చోవాలి. మోకాళ్ల మీద మెట్లెక్కే మొక్కు ఉన్నవాళ్లకు రాతికీ మోకాలికీ మధ్య మందపాటి గుడ్డ కట్టాలి. పక్కనొక మనిషి ఉండాలి, వెనకవాళ్లు తొక్కకుండా. కరిగిన మైనం పడిన మెట్టు నూనె ఒలికిన నేల లాంటిది, చీకట్లో కనపడదు. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే జారతారు. వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని జనంలోకి పోవద్దు. కొండ గాలికి అది ఎలాగూ ఆరిపోతుంది, ముందున్న చెల్లెమ్మ పైటకో జడకో అంటుకుంటుంది. చేతిలో ఉంచుకుని, వెలిగించే చోట వెలిగించి అక్కడే నిలపండి. తలనీలాల మొక్కు పెద్ద పూజ ముందే తీర్చుకుంటే మేలు. గుండు చేయించుకున్న పిల్లల తలకు చందనం రాసి గుడ్డ కట్టకపోతే పదింటి ఎండకే నెత్తి కందుతుంది. కొబ్బరికాయలు కొట్టే చోటనే కొట్టాలి, మెట్ల మీద పడిన పెంకు ముక్క వట్టి కాళ్లలో దిగుతుంది.

గుహ ముందు నిలబడేది అర నిమిషం. వెనక నుంచి జనం నెడుతుంటారు. ఆ అర నిమిషంలో ఏం చూడాలో ముందే అనుకుని పోవాలి. మనకు అలవాటైన లూర్దుమాత రూపం శిల్పి ఫాబిష్ చెక్కినది, లూర్దు గుహలో 1864లో నిలిపారు. తెల్ల పాలరాయి, 1.88 మీటర్ల ఎత్తు, ముఖం ఆకాశం వైపు ఎత్తి ఉంటుంది. బెర్నదెత్ అది చూసి, ఆమె ఇలా లేదు అంది. తాను చూసిన అమ్మ చిన్నది, ఇంచుమించు తన అంతే, తల అలా ఎత్తలేదు, కళ్లు మాత్రమే ఎత్తింది. బెర్నదెత్ ఎత్తు 1.40 మీటర్లు, నాలుగడుగుల ఏడంగుళాలు. మన గుంపులో ఏడో తరగతి చదివే పిల్లంత. కాబట్టి స్వరూపంలో ముఖం కంటే పాదాలు చూడండి, పూలదండల మధ్య ఆ గులాబీలు కనిపిస్తే అవి బెర్నదెత్ చెప్పినవి. జోడించిన చేతులు చూడండి, అవి మార్చి 25న పేరు చెప్పిన క్షణంలోవి.

పూజ అయ్యాక జనం ఒక్కసారిగా బస్సుల మీద పడతారు. మీరు పడకండి. మూడింటి దాకా నీడలో కూర్చోండి. కథలో మూడో ముక్క ఇదే, ఎక్కువసేపు పట్టేదీ ఇదే.

1858 జూలై 16 తర్వాత ఆమెకు మళ్లీ దర్శనం లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ల తొమ్మిది నెలలు బతికింది. లూర్దులో ఉంటే జనం జపమాలలు తాకించడానికి, బట్ట ముక్కలు కత్తిరించుకోవడానికి ఎగబడేవారు. డబ్బు ఇవ్వబోతే చేతిలో నిప్పు పడ్డట్టు వదిలేసేది. 1866 జూలైలో లూర్దు వదిలి నెవేర్ పట్టణంలోని సెయింట్ గిల్దార్ మఠానికి వెళ్లింది, మళ్లీ పుట్టిన ఊరు చూడలేదు. చేరిన మర్నాడు, జూలై 8న, సిస్టర్లందరినీ కూర్చోబెట్టి ఒకే ఒక్కసారి కథంతా చెప్పించారు. ఇక మాట్లాడవద్దన్నారు. అంగీ ఇచ్చి సిస్టర్ మరీ బెర్నార్ అని పేరు పెట్టారు. ఆ అక్టోబరులోనే ఆయాసం ముదిరి, అవస్థ అభ్యంగనం (చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు నూనె పూసే సంస్కారం) ఇచ్చి, చావు మంచం మీదే మాటపట్టు (మఠవ్రతం) తీసుకున్నారు. బతికింది. డిసెంబరు 8న, అమలోద్భవి మాత పండుగ నాడే, తల్లి లూయీజ్ చనిపోయింది.

1867 అక్టోబరు 30న తోటి సిస్టర్లతో కలిసి మళ్లీ మాటపట్టు ఇచ్చినప్పుడు ఒక్కొక్కరికీ ఒక మఠం, ఒక పని చెప్పి పంపారు. ఈమె పేరు చివరికి మిగిలింది. ఈ సిస్టరు దేనికీ పనికిరాదు అని పెద్దమ్మగారు బిషప్‌తో అన్నారు. బిషప్ ఆమెకు ప్రార్థన చేసే పని అప్పగించారు, మఠంలోనే ఉంచి వైద్యశాలలో సాయానికి పెట్టారు. అమ్మను చూసిన గర్వం తలకెక్కుతుందేమోనన్న భయంతో ఆమె పట్ల పుల్లవిరుపుగానే ఉన్నారు. ఆమె ఆ పని కుదురుగా చేసింది. పుళ్లు కడిగింది, పక్కలు మార్చింది, కొత్తగా చేరిన పిల్లలను నవ్వించింది. తర్వాత గుడి సామాను చూసుకుంది, పీఠవస్త్రాలకు కుట్టుపని చేసింది. ఊడ్చాక చీపురు ఎక్కడ పెడతాం, తలుపు మూలన కదా, నా సంగతీ అంతే అని ఒక సిస్టరుతో అంది. ఆమె మాటల్లో తెలుగు ఇంటికి ఇంత సులువుగా నడిచొచ్చేది ఇంకొకటి లేదు.

కుడి మోకాలి ఎముకకు క్షయ పట్టింది. మోకాలు వాచి, కాలు కదిపితే అరుపు వచ్చే నొప్పి. తన ఊళ్లో, తన చేతి కింద పుట్టిన ఊట నీళ్లతో వేరేవాళ్లు నడుస్తున్నారని ఉత్తరాలు వస్తున్నాయి. ఈమె మంచాన ఉంది. ఆ మంచాన్ని, చుట్టూ ఉన్న తెల్ల తెరలను, నా తెల్ల గుడి అనేది. మంచం మీద ఏం చేస్తున్నావని అడిగితే, నా పని చేస్తున్నాను, రోగిగా ఉండటం నా పని అంది. 1876లో లూర్దులో పెద్ద గుడి ప్రతిష్ఠ జరిగినప్పుడు కూడా నెవేర్‌లోనే ఉండిపోయింది. 1879 ఏప్రిల్ 16న, పడుకోలేని ఒంటితో కుర్చీలో కూర్చునే, మధ్యాహ్నం మూడు దాటాక కన్నుమూసింది. వయసు 35. 1909, 1919, 1925లో మూడుసార్లు సమాధి తెరిచారు, శరీరం శిథిలం కాలేదు. ఇప్పుడు నెవేర్ గుడిలో గాజుపెట్టెలో ఉంది. ముఖం మీద, చేతుల మీద పలచటి మైనపు తొడుగు ఉంది, ఫొటోల్లో కనిపించే నునుపు దానిదే. ఈ సంగతి దాచి చెప్పకూడదు. 1925లో ధన్యురాలిగా, 1933 డిసెంబరు 8న పునీతురాలిగా ప్రకటించారు. గుహలో అమ్మను చూసినందుకు ఆ పీఠం దక్కలేదు. చూడకుండా గడిపిన ఆ ఇరవై ఏళ్ల నడవడిని తూచి ఇచ్చారు.

ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో నిర్ణయించారు. కాబట్టి ఊరికి తిరిగెళ్లాక, నడవలేక ఇంట్లో ఆగిపోయిన ముసలివాళ్ల దగ్గరికి ముందుగా వెళ్లాలి. ప్రసాదం ఇచ్చి వచ్చేయకుండా పక్కన కూర్చుని ఒక జపమాల చెప్పాలి.

నాలుగు దాటాక రద్దీ కాస్త పలచబడుతుంది. పండిట్ నెహ్రూ బస్టాండు దాకా వెళితే గుంటూరు బస్సులు వెంటవెంటనే ఉంటాయి. నలభై మందీ ఒకే బస్సు ఎక్కాలని పట్టుబట్టకండి, పదేసి మందిగా విడిపోండి, ప్రతి పది మందికీ ఒక పెద్ద. ఇంటికి చేరాక రెండు రోజులు పాదాలు చూసుకుంటూ ఉండాలి, ఎర్రబారి వేడిగా ఉంటే డాక్టరు దగ్గరికి.

ఈ మూడు రోజులూ అమ్మవి. బెర్నదెత్తమ్మ పండుగ ఏప్రిల్ 16. ఆ రోజు కొండ మీద ఫిబ్రవరి జనం ఉండరు. నడిచి రానక్కర్లేదు, ఆ ఎండకు రాకూడదు కూడా. గుంటూరులో తొలి బస్సు ఎక్కి, ఏడు లోపే మెట్లెక్కి, రాయి వేడెక్కకముందు దిగిపోవాలి. వెనక నుంచి నెట్టేవాళ్లు ఉండరు, గుహ ముందు ఒక జపమాల పూర్తిగా చెప్పుకోవచ్చు.